సాయం చేసిన ఫోటోలు స్టేటస్‌లో పెట్టడం క్రైస్తవులకు తగునా?

మీ సత్క్రియలు మనుషులు చూడాలని మత్తయి 5:16 చెబుతుంది. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని 6:3 అంటుంది. రెండూ కొండమీది ప్రసంగంలోని యేసు మాటలే, కాబట్టి ఒకటి పట్టుకుని ఇంకోటి వదిలేయలేం. తేడా ఉద్దేశంలో ఉంది. మొదటిచోట చూసినవాళ్లు పరలోకపు తండ్రిని స్తుతిస్తారు. రెండోచోట ఇచ్చినవాడు తనకు మెప్పు రావాలని చూస్తాడు. అలాంటివాడు తన ఫలం అప్పుడే పొందేశాడని 6:2 గట్టిగానే చెబుతుంది. లైకులు లెక్కపెట్టుకునే మనకు ఇది సూటిగా తగిలే మాట.

నన్ను ఎక్కువ బాధపెట్టేది తీసుకునేవాళ్ల పరిస్థితి. దుప్పటి కోసం చేయి చాచిన ముసలామెను "ఇటు చూడమ్మా" అంటే, ఆమె సిగ్గుతో తల దించుకుంటుంది. వద్దనే ధైర్యం ఆమెకు ఎక్కడిది? అలాంటి ఫోటో పెట్టకండి.

పదిమంది దగ్గర వసూలు చేసిన డబ్బు సంగతి వేరు. యెరూషలేము విశ్వాసుల కోసం పోగుచేసిన విరాళం విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా పౌలు జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8:20-21). అందుకని లెక్కలు, రసీదులు తప్పకుండా చూపించండి. దానికి ఎవరి ముఖమూ అక్కర్లేదు. సొంత జేబులోంచి ఇచ్చిందైతే, పోస్ట్ చేయాల్సిన అవసరమే నాకు కనిపించదు.