చేయి చాపినంత దూరం నుంచి: బొమ్మ సైన్యాల రంగులపై పాఠకుల ప్రశ్నలు

చారిత్రక యుద్ధాలను బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడే పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రంగుల గురించి, బొమ్మలను నిలబెట్టే పీఠాల గురించి ఉన్నాయి. పలువురికి ఉపయోగపడే అయిదింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: 1758 నాటి చందుర్తి యుద్ధాన్ని సంక్రాంతి సెలవుల్లో ఆడాలని నేనూ మా బావమరిదీ నిర్ణయించుకున్నాం. ఇంగ్లీషు పక్షానికి 28 మిల్లీమీటర్ల బొమ్మలు దాదాపు 80 కావాలని లెక్క వేశాం. మూడు నెలలు కష్టపడితే పదిమందికి మాత్రమే రంగులు పూర్తయ్యాయి. అవి చాలా బాగా వచ్చాయి కాని, మిగిలినవి ఎప్పటికి అవుతాయో తెలియడం లేదు. – ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మీ లెక్క సరిగానే ఉంది. చందుర్తి దగ్గర కల్నల్ ఫోర్డ్ వెంట సుమారు 470 మంది ఐరోపా సైనికులు, 1,900 మంది సిపాయిలు ఉన్నారు. ఒక బొమ్మను 30 మందికి గుర్తుగా తీసుకుంటే 16 మంది ఐరోపావాళ్లు, 63 మంది సిపాయిలు అవుతారు. పదిమందికి మూడు నెలలు పట్టిన పద్ధతిలోనే వెళితే మిగిలిన వారికి ఇంకా దాదాపు ఇరవై ఒక్క నెలలు పడుతుంది. లోపం మీ చేతిలో లేదు, మీరు బొమ్మను చూస్తున్న దూరంలో ఉంది. రంగు వేసేటప్పుడు బొమ్మ మీ కంటికి జానెడు దూరంలో ఉంటుంది. ఆడేటప్పుడు అదే బొమ్మ బల్ల మీద రెండు మూడు మూరల అవతల, పదిహేను మంది మధ్య నిలబడుతుంది. అంత దూరం నుంచి కనుపాపలు కనిపించవు, గుండీలు కనిపించవు. కోటు రంగు, ఛాతీ మీద తెల్లటి తోలుపట్టీలు, టోపీ కింద నీడ, తుపాకుల వరుస మాత్రమే కనిపిస్తాయి. సమయమంతా వాటికి ఇవ్వండి.

మీరు ఎంచుకున్న యుద్ధానికి ఈ విషయం మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ గెలుపోటములలో కోటు రంగుకే పెద్ద పాత్ర ఉంది. ఫోర్డ్ బెంగాల్ నుంచి తెచ్చిన సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కున్నారు; ఇంగ్లీషువారి సిపాయిలను ఆ రంగులో చూసే అలవాటు ఫ్రెంచివారికి లేదు. దూరం నుంచి ఎర్రటి వరుస కనిపించగానే ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ సేన వారినే ఐరోపా పటాలమనుకుని దాడికి దిగింది. అసలు ఇంగ్లీషు పటాలం ఏపుగా పెరిగిన చేను చాటున ఉంది. అది పక్క నుంచి కాల్పులు మొదలుపెట్టేసరికి ఫ్రెంచి వరుస చెదిరిపోయింది. కాబట్టి సిపాయిల కోటుకూ ఐరోపా సైనికుల కోటుకూ ఎరుపు ఒకే సీసాలోంచి రావాలి. రెండు దళాల మధ్య తేడా తెలియాలని సిపాయిలకు కాస్త ముదురు ఎరుపు వేసేవారు ఉన్నారు. ఈ ఒక్క యుద్ధానికి అది తగదు, ఎందుకంటే బల్లకు అవతల కూర్చున్న మీ బావమరిది కూడా కాన్‌ఫ్లాన్స్ లాగే పొరబడే అవకాశం ఉండాలి. చేను కోసం కొబ్బరి పీచుతో చేసిన, కాళ్లు తుడుచుకునే పట్టా ఒకటి కొని నాలుగు ముక్కలుగా కోసి, పైభాగాన పసుపు కలిసిన ఆకుపచ్చ రాయండి. 28 మిల్లీమీటర్ల ఐరోపా సైనికుడు అందులో చక్కగా దాక్కుంటాడు.

ఇక పద్ధతి. పదహారు మందిని ఒక జట్టుగా తీసుకుని, ఒక్కొక్కరిని ఒక మందు సీసా మూత మీద అంటించండి. ముందుగా అందరికీ ముదురు గోధుమరంగు ప్రైమర్, అంటే అడుగు పూత, వేయండి. నల్లటి ప్రైమర్ మీద ఎరుపు మురికిగా కనిపిస్తుంది, తెల్లటి దాని మీద మడతల్లో తెలుపు మిగిలిపోతుంది. ఆ తర్వాత ఒక రంగు పదహారు మందికీ పూర్తి కానిదే రెండో సీసా మూత తీయవద్దు. కోటు ఎరుపు వేసేటప్పుడు పట్టీల పక్కన, చేతికీ మొండేనికీ మధ్య సన్నటి గోధుమ గీత వదిలేయండి. దూరం నుంచి ఆ గీతే బొమ్మకు ఆకారం ఇస్తుంది. భుజం మీదా మోచేతి మడతల మీదా వెలుగు కోసం ఎరుపులో తెలుపు కలిపితే గులాబీరంగు అవుతుంది, నారింజ కలపండి. ముఖానికి చర్మం రంగు ఒక్క పూత, దాని మీద పల్చటి గోధుమ వాష్ (మడతల్లోకి దిగే నీళ్లలాంటి రంగు) చాలు. నా అనుభవంలో ఒక జట్టుకు వారం రోజుల సాయంత్రాలు సరిపోతాయి. మీరు ఇప్పటికే పూర్తి చేసిన పదిమందిని మాత్రం జెండా పక్కన, ముందు వరుసలో, చివరల్లో నిలబెట్టండి. చూసేవారి కన్ను ముందుగా అక్కడికే వెళుతుంది, ఆ మూడు నెలల శ్రమ దళం మొత్తానికి పనికివస్తుంది.

ప్రశ్న: విజయనగర సైన్యాన్ని 15 మిల్లీమీటర్ల బొమ్మలతో రాయచూరు యుద్ధం కోసం సిద్ధం చేస్తున్నాను. రంగులు బాగానే కుదిరాయి. పీఠాలకు కృష్ణా నది ఇసుక అంటించాను. బొమ్మలు బిస్కెట్ మీద నిలబెట్టినట్టు ఉన్నాయి, ఇసుక మెరుస్తోంది, అట్టలు వంగిపోయాయి. – ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

సమాధానం: మీరు రాసిన మూడు బాధలకూ మూడు వేర్వేరు కారణాలు ఉన్నాయి. వంగిపోవడం అట్ట వల్ల వచ్చింది. నీళ్లు కలిసిన జిగురు ఒకవైపే పూస్తే ఆ వైపు ఆరుతూ ముడుచుకుని అట్టను లాగేస్తుంది. 2 లేదా 3 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. (చెక్కపొడిని నొక్కి చేసిన) పలకను కోయించుకోండి, అట్టే వాడక తప్పకపోతే అడుగున కూడా అదే జిగురు ఒక పూత పూయండి. బిస్కెట్ లాగా కనిపించడానికి కారణం, బొమ్మ కాళ్ల కింద అచ్చుతో పాటు వచ్చిన చిన్న దిమ్మె. గోడలకు వాడే పుట్టీలో తెల్ల జిగురు కలిపి, ఆ దిమ్మె అంచు కనబడకుండా చుట్టూ వాలుగా మెత్తండి. ఇసుక మెరవడానికి కారణం అందులోని అభ్రకం రేకులు. అసలు ఇసుకకు ఇసుక రంగు ఉంది కదా అని రంగు వేయకుండా వదిలేయడమే పొరపాటు. బొమ్మ చిన్నదైనప్పుడు ఇసుక రేణువు గులకరాయి అవుతుంది, దాని సహజమైన రంగు బొమ్మ పక్కన అబద్ధంలా కనిపిస్తుంది. టీ వడకట్టే జల్లెడలో పట్టి, రెండు నీళ్లు కడిగి, ఎండబెట్టి, అంటించి, రాత్రంతా ఆరనిచ్చి, నీళ్లు కలిపిన జిగురు పైన మరొక పూత వేసి, ఆ తర్వాత మొత్తానికీ రంగు వేయండి.

ఏ రంగు అనేదే అసలు విషయం. రాయచూరు యుద్ధం 1520 మే నెలలో, కృష్ణా తుంగభద్రల మధ్య దోఆబ్‌లో జరిగింది. అది నల్లరేగడి నేల, గ్రానైటు బండల నేల. రేగడి ఎలా ఉంటుందో గుంటూరు మిరప చేల పక్కన తిరిగిన వారికి చెప్పనక్కరలేదు: వాన పడ్డప్పుడు నల్లగా కాళ్లకు చుట్టుకుంటుంది, మే నెలలో బూడిద పూసినట్టు పాలిపోయి నెర్రెలు విచ్చుతుంది. అందుకే పీఠానికి సీసాలోని నలుపు నేరుగా వేయవద్దు. ముదురు గోధుమలో నలుపు కలిపి అడుగు పూత వేసి, ఆరాక, కుంచెకు లేత బూడిదరంగు కొద్దిగా అద్ది, కాగితం మీద దాదాపు అంతా తుడిచేసి, మిగిలిన ఆ పొడి రంగుతో ఇసుక రేణువుల పైభాగాల మీద మాత్రమే తాకుతూ పోండి. నెర్రెలు కావాలనుకునే చోట ఇసుక వేయకుండా తెల్ల జిగురు మందంగా పూసి, అది పూర్తిగా ఆరకముందే పైన అక్రిలిక్ రంగు వేస్తే, కింద జిగురు ముడుచుకుంటున్న కొద్దీ పైపొర పగులుతుంది. మొదటిసారి ఆ పగుళ్లు కళ్లముందే విచ్చుకోవడం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మోళ్ల కోసం కొబ్బరి పీచును మూడు మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరించి అక్కడక్కడ గుచ్చండి. పచ్చిక వద్దు, మే నెలలో ఆ నేల మీద అది పొసగదు.

ఇంకొక మాట. పీఠాల వెడల్పును ఎదుటి ఆటగాడితో ముందే మాట్లాడుకోండి. 15 మిల్లీమీటర్ల బొమ్మలకు విస్తృతంగా వాడే పద్ధతిలో ప్రతి పీఠం ముందువైపు 40 మిల్లీమీటర్లు ఉంటుంది. గుర్రపు దళమైతే లోతు 30, ఏనుగుకు 40. రెండు సైన్యాలకూ ఒకే కొలత లేకపోతే ఎంత అందంగా చేసినా మళ్లీ ఊడదీయాల్సి వస్తుంది.

ప్రశ్న: ఏనుగుకు బూడిదరంగు వేస్తే రాతి ముద్దలా ఉంది. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, గన్నవరం

సమాధానం: నలుపు, తెలుపు మాత్రమే కలిపిన బూడిదరంగులో ప్రాణం ఉండదు. అందులో గోధుమరంగు చేర్చండి, ముదురు గోధుమ వాష్‌ను ముడతల్లోకి దిగనివ్వండి, ఆరాక పొడి కుంచె పట్టండి. చెవుల అంచులకూ తొండం మొదట్లోనూ లేత గులాబీరంగు చుక్కలు పెడితే అది మన దేశపు ఏనుగు అవుతుంది. విజయనగర ఏనుగు అయితే అలంకారమే ముఖ్యం. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ మహానవమి ఉత్సవాలలో సైన్యాన్ని చూసి, ఏనుగుల మీద మఖమలు, జరీ అంచుల జూలులు (వీపు మీద కప్పే బట్టలు), గంటలు ఉన్నాయనీ, తలల మీద రాక్షసుల ముఖాలు చిత్రించారనీ, పైన దూది కుట్టిన అంగీలు తొడుక్కున్న ముగ్గురు నలుగురు మనుషులు ఈటెలతో ఉన్నారనీ రాశాడు. జూలుకు ఎరుపు వేయదలచుకుంటే నారింజ వైపు పోవద్దు. ఈ తీరంలో చిరివేరుతో అద్దిన బట్టల ఎరుపు లోతైనది, కాస్త గోధుమ వైపు మొగ్గుతుంది. పాత కలంకారీ దుప్పటి ఒకటి పక్కన పెట్టుకుని రంగు కలపండి. రౌతుల పొడవాటి కుళ్లాయి టోపీలకూ బట్టల డిజైన్లకూ లేపాక్షి గుడి కప్పు మీది చిత్రాలకంటే మంచి ఆధారం నాకు తెలియదు.

ప్రశ్న: మెత్తటి ప్లాస్టిక్ సైనికులకు ఎనామిల్ రంగు వేశాను. నెల తిరగకుండానే ఈటెల మీది రంగు పెచ్చులుగా రాలిపోతోంది. – ఒక విద్యార్థి, తెనాలి

సమాధానం: నాయనా, ఆ బొమ్మలు పాలిథీన్ జాతి ప్లాస్టిక్‌తో చేసినవి. దాని ఉపరితలం ఏ రంగునూ గట్టిగా పట్టుకోదు, పైగా అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి వాడిన జిడ్డు కొంత మిగిలి ఉంటుంది. ఈటె వంగుతుంది, ఎనామిల్ వంగదు, అందుకే పగులుతుంది. కొత్త బొమ్మలను అంట్లు తోమే సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టు. ఫెవికాల్‌లో కొద్దిగా నీళ్లు కలిపి బొమ్మంతా పల్చగా పూయి. ఆరాక అది బొమ్మతో పాటు వంగే చర్మంలా అవుతుంది. దాని మీద అక్రిలిక్ రంగులు వేసి, చివర మళ్లీ ఒక పూత ఫెవికాల్ నీళ్లు పూయి. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర బొమ్మను చెక్కి, ముక్కలను చింతగింజల మక్కుతో అతికి, సున్నం పూత వేశాకే రంగు మొదలుపెడతారు. అడుగు పూత లేకుండా పై రంగు నిలవదనే విషయం మీ ఊరికి అంత దగ్గరలోనే చూడవచ్చు, ఒక ఆదివారం వెళ్లిరా. ఆడేటప్పుడు మాత్రం బొమ్మను ఈటె పట్టుకుని ఎత్తకు, పీఠం పట్టుకుని జరుపు.

ప్రశ్న: చివర మ్యాట్ వార్నిష్ స్ప్రే చేశాను. బొమ్మలన్నీ మంచు పట్టినట్టు తెల్లబడ్డాయి. పాడైపోయినట్టేనా? – ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: పాడైపోలేదు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు స్ప్రే చేస్తే వార్నిష్ పొర ఇలా పాలలా విరుగుతుంది. ఒక శ్రావణ మాసపు సాయంత్రం, వాన వెలిసిన అరగంటకు, మా డాబా మీద 24 మంది రౌతులకు ఇదే జరిగింది. రెండు నెలల పని కళ్లముందు తెల్లబడుతుంటే డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మర్నాడు ఒక్క బొమ్మ తీసుకుని, మెరిసే రకం వార్నిష్‌ను కుంచెతో పల్చగా పూసి చూస్తే, తడి తగిలిన చోటల్లా తెలుపు కరిగిపోయి కింద ఎరుపూ నీలమూ తిరిగి కనిపించాయి. మీరు కూడా ముందు వెనక వరుసలోని ఒక బొమ్మ మీద ప్రయత్నించండి. ఫలితం బాగుంటే మిగిలినవాటికి పూయండి. మెరుపు తగ్గించడానికి రెండు రోజులు ఆరాక, నీటితో పలుచన చేసే మ్యాట్ వార్నిష్‌ను కుంచెతోనే వేయండి. నేను ఆ రోజు నుంచి స్ప్రే డబ్బాను మార్గశిరం వచ్చేదాకా బీరువాలోంచి తీయడం లేదు, తీసిన రోజు కూడా ఉదయం పది దాటి పొడి ఎండ కాస్తేనే వాడుతున్నాను.