సైనికుల జబ్బులకు ఆడవాళ్లకు పరీక్షలా? బ్రిటన్‌లో ఆ చట్టాలపై ఉద్యమం ఎలా నడిచింది?

1864లో బ్రిటన్ పార్లమెంటు అంటువ్యాధుల చట్టం తెచ్చింది. సుఖవ్యాధులతో సైనికులు, నావికులు మంచాన పడుతున్నారన్నది కారణం. 1866, 1869లో దాన్ని ఇంకా బిగించారు. కంటోన్మెంట్లు, ఓడరేవులున్న ఊళ్లలో మఫ్టీ పోలీసులు తిరిగేవాళ్లు. ఫలానా ఆమె వేశ్య అని వాళ్లకు అనుమానం వస్తే చాలు, పరీక్షకు రావాల్సిందే. కాదంటే జైలు. జబ్బు తేలితే నెలల తరబడి ఆసుపత్రిలో నిర్బంధం. మరి ఆమె దగ్గరికి వచ్చిన మగవాడికో? ఏ పరీక్షా లేదు!

దీన్ని ఎదిరించిన వాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు సంఘ సంస్కర్త జోసెఫిన్ బట్లర్. 1870 జనవరి 1న 'డైలీ న్యూస్' పత్రికలో వచ్చిన మహిళల నిరసన పత్రం మీద ఫ్లారెన్స్ నైటింగేల్ సంతకం కూడా ఉంది. మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లు ఇలాంటి విషయం నోరెత్తి మాట్లాడటమే అప్పట్లో పెద్ద దుమారం.

మాటలతో పోలేదు. 1872లో ఇంగ్లండ్‌లోని పాంటిఫ్రాక్ట్ ఊళ్లో ఉపఎన్నికప్పుడు ఎక్కడా హాలు దొరక్క, బట్లర్ గడ్డి దాచే ఒక అటక మీద ఆడవాళ్లతో మీటింగ్ పెట్టారు. పైకెక్కడానికి నిచ్చెనే దారి. ప్రత్యర్థులు కింద గడ్డికి నిప్పు పెట్టి పొగబెట్టారు.

1883లో నిర్బంధ పరీక్షలు ఆగాయి, 1886లో చట్టాలు రద్దయ్యాయి. మన దేశంలోనూ 1868లో ఇలాంటి చట్టమే వచ్చింది. అది పోయింది 1888లో.