నంబర్లు చాలానే ఉన్నాయి, స్నేహితులే లేరు

ప్రశ్న: ఎమ్మెస్ కోసం విదేశానికి వచ్చి రెండు నెలలైంది. ఓరియెంటేషన్‌లో చాలామంది పరిచయమయ్యారు, నంబర్లు తీసుకున్నాను. ఇప్పుడు ఎదురుపడితే ‘హాయ్’ అని వెళ్లిపోతున్నారు. రూమ్‌లో అందరం ఒకే భాషవాళ్లం. ఇలాగైతే రేపు ఉద్యోగానికి నెట్‌వర్క్ ఎలా వస్తుందని టెన్షన్‌గా ఉంది.

జవాబు: స్నేహాన్నీ నెట్‌వర్క్‌నూ మీరు కలిపేస్తున్నారు. ఉద్యోగం సంగతికొస్తే ఆ ‘హాయ్’ బ్యాచే పనికొస్తుంది. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఎక్కువమందికి సమాచారం అందించింది అప్పుడప్పుడూ కలిసేవాళ్లేనని సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే రాశారు. మనకు తెలిసిందే మన ఆప్తులకూ తెలుస్తుంది. కొత్త కబురు బయటివాళ్ల దగ్గర ఉంటుంది. కాబట్టి ఆ నంబర్లు ఉంచుకోండి.

స్నేహానికి మాత్రం సమయం పడుతుంది. కాన్సస్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికే దాదాపు 50 గంటలు కలిసి గడపాలి. ఆప్తమిత్రులు కావాలంటే 200 దాటాలి. పైగా క్లాసులో, పనిలో పక్కపక్కన ఉన్న గంటలకు అంత బలం లేదట. ఊరికే కూర్చుని కబుర్లాడడం, ఆడుకోవడం వంటివే మనుషుల్ని దగ్గర చేస్తాయి.

అందుకని ప్రతి ఈవెంట్‌కీ పరుగెత్తకండి. వారం వారం అవే ముఖాలు కనిపించే చోటు ఒకటి చూసుకోండి. ఆటల క్లబ్ కావచ్చు, సంగీతం గ్రూప్ కావచ్చు. నన్నడిగితే వాలంటీరింగ్ మేలు. చేతిలో పని ఉంటుంది కనుక ఏం మాట్లాడాలా అని తడుముకోనక్కర్లేదు. (కొన్ని దేశాల్లో కొన్ని రకాల వాలంటీర్ పనినీ వీసా పని గంటల్లో లెక్కేస్తారు, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందే అడగండి.) పని అయ్యాక వెంటనే బ్యాగు సర్దుకోకుండా కాసేపు ఆగండి. అసలు మాటలు మొదలయ్యేది అప్పుడే. ‘ఎప్పుడైనా కలుద్దాం’ అంటే ఎప్పటికీ కలవరు; ‘గురువారం క్లాసయ్యాక కాఫీకి వస్తావా?’ అని అడగండి. ఒకరు రాలేనంటే నొచ్చుకోకుండా ఇంకొకర్ని అడగండి. గుంపులో స్థానికుల జోకులు అందకపోతే కంగారుపడొద్దు, ఇద్దరే ఉన్నప్పుడు మాట తేలిక. ఇతర దేశాల నుంచి వచ్చినవాళ్లతో మొదలుపెడితే ఇంకా సులువు, వాళ్లూ తోడు కోసమే చూస్తుంటారు.

రూమ్మేట్స్‌ని దూరం చేసుకోనక్కర్లేదు. జ్వరమొచ్చిన రాత్రి లేచి చూసేది వాళ్లే. వారంలో ఒకట్రెండు సాయంత్రాలు బయటివాళ్లకు కేటాయిస్తే చాలు. అయితే ఒంటరితనం వల్ల నిద్ర, తిండి, క్లాసులు దెబ్బతింటుంటే మాత్రం ఆగొద్దు, యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి.