మీ ప్రశ్న – మా సమాధానం: పరాయి దేశంలో, వేరొక కుటుంబంతో

ప్రశ్న: పైచదువుల కోసం విదేశానికి వచ్చి రెండు నెలలైంది. విశ్వవిద్యాలయం వసతి విభాగం ద్వారా ఒక కుటుంబంతో హోంస్టేలో ఉంటూ నెలనెలా డబ్బు కడుతున్నాను. మొదటి రోజు ‘నీ ఇల్లే అనుకో’ అన్న ఇంటావిడ ఇప్పుడు ముభావంగా ఉంటున్నారు. వంటగదిలోనూ స్నానాలగదిలోనూ చీటీలు అంటిస్తున్నారు. ఏం చేస్తే ఏం తప్పవుతుందోనన్న భయంతో తరగతుల నుంచి రాగానే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటున్నాను. సర్దుకుపొమ్మని అమ్మ, ఇల్లు మారమని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: ఇల్లు మారాలని ఇప్పుడే నిర్ణయించుకోకండి. ముందు ఇంటావిడతో ఒకసారి తీరిగ్గా కూర్చుని మాట్లాడండి. ఆమె మిమ్మల్ని అవమానించారని గానీ, కట్టిన డబ్బుకు ఇవ్వవలసినవి ఇవ్వడం లేదని గానీ మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. చీటీలు అంటించడాన్ని కోపమనే అనుకోనక్కర్లేదు, ముఖాన చెబితే మీరు నొచ్చుకుంటారేమోనని సంకోచించేవారు కూడా ఆ పని చేస్తారు. మీరు భయంతో వేసుకుంటున్న తలుపు చూసి, తమతో కలవడం మీకు ఇష్టం లేదని ఆ ఇంటివారు అనుకుంటూ ఉండవచ్చు.

హోంస్టేలో ఉండే విద్యార్థి స్థానమే కొంత చిక్కైనది. చుట్టపుచూపుగా వచ్చిన మనిషికి ఎవరూ పని చెప్పరు, అద్దెకున్న మనిషి తన వంట తాను చేసుకుంటుంది, సొంత బిడ్డ అయితే ఆ ఇంటి పద్ధతులు అడగకుండానే తెలుస్తాయి. మీలో ఈ ముగ్గురి లక్షణాలూ కొద్దికొద్దిగా ఉన్నాయి కాబట్టి ఏ సమయంలో ఎలా ఉండాలో ఇరువైపులా ఎవరికి వారు ఊహించుకుంటున్నారు. ‘నీ ఇల్లే అనుకో’ అన్న మాట మనస్ఫూర్తిగా అన్నదే కావచ్చు, కానీ రాత్రి ఎన్నింటి తర్వాత వాషింగ్ మెషీన్ వేయకూడదో, భోజనానికి రాలేకపోతే ఎప్పటిలోగా చెప్పాలో, స్నేహితురాలిని ఇంటికి తీసుకురావచ్చో లేదో ఆ మాట వల్ల తెలియదు.

అందుకే అడిగే తీరు ముఖ్యం. ‘నా వల్ల ఇబ్బందిగా ఉందా?’ అని అడిగితే మర్యాదస్తులెవరైనా ‘అబ్బే, అదేం లేదు’ అంటారు, సమస్య ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. దానికి బదులు ఒక చీటీనే ఆధారంగా తీసుకుని, ‘ఇది చూశాను, ఇకపై ఇలాగే చేస్తాను, వంటగది వాడుకునేటప్పుడు మీకు ఏ వేళ వీలుగా ఉంటుందో కూడా చెప్పండి’ అని అడిగితే ఆమెకు సమాధానం చెప్పడం తేలికవుతుంది. అలాగే మీకు కావలసినవీ చెప్పండి. పరీక్షల రోజుల్లో నిశ్శబ్దం కావాలన్నా, గది చలిగా ఉంటోందన్నా ఆమెకు మీరు చెబితేనే తెలుస్తుంది. ఆ తర్వాత రోజూ కాసేపైనా వాళ్లున్న చోట కూర్చోండి. ముఖ్యంగా భోజనం దగ్గర ఇంటికి వీడియో కాల్ చేయకండి. అక్కడి భాష తరగతి గదికంటే ఆ బల్ల దగ్గరే త్వరగా పట్టుబడుతుంది, హోంస్టే వల్ల కలిగే లాభాల్లో నా దృష్టిలో ఇదే పెద్దది.

డబ్బు సంగతి కూడా స్పష్టం చేసుకోవాలి. అమెరికాకు జె-1 (విద్యా, సాంస్కృతిక మార్పిడి) వీసాపై హైస్కూలు చదువుకు వెళ్లే విద్యార్థులను ఉంచుకునే కుటుంబాలు ప్రతిఫలం తీసుకోకూడదన్నది అక్కడి నిబంధన. భాషా పాఠశాలలు, విశ్వవిద్యాలయాలు ఏర్పాటు చేసే హోంస్టేలలో సాధారణంగా కుటుంబానికి డబ్బు ముడుతుంది. మీది రెండో రకం కనుక భోజనాలు, ఇంటర్నెట్, బట్టలు ఉతుక్కునే వీలు వంటివి ఒప్పందంలో ఉంటే వాటిని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అయితే ఆప్యాయత ఒప్పందంలో ఉండదు, దాన్ని బాకీలా అడగలేం.

మాట్లాడినా మార్పు రాకపోతే వసతి విభాగానికి చెప్పండి. ఇల్లు మార్చమని అడగడం ఓటమి కాదు, ఎవరి మీదా ఫిర్యాదు కూడా కానక్కర్లేదు. ముందస్తుగా ఎన్ని రోజుల గడువు ఇవ్వాలో మాత్రం ఒప్పందంలో చూసుకోండి. కొన్ని విషయాల్లో ఈ ఓర్పు ఏదీ అవసరం లేదు. మీ పాస్‌పోర్టు తమ దగ్గర పెట్టుకుంటామన్నా, తలుపు తట్టకుండా గదిలోకి వస్తున్నా, అసభ్యంగా తాకినా, మాట్లాడినా, సరిపడా తిండి పెట్టకపోయినా ఆ రోజే చెప్పండి. అలాంటి చోట సర్దుకుపొమ్మని మీ అమ్మగారు కూడా అనరు.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఒక విద్యా సంవత్సరం విదేశంలో ఒక కుటుంబంతో ఉండి చదువుకునే అవకాశం వచ్చింది. తల్లిదండ్రులుగా మేము ఏం చూసుకోవాలి?
– ఒక తండ్రి

సమాధానం: ఆ కుటుంబాన్ని ఎవరు, ఎలా పరిశీలించారన్నదే మొదటి ప్రశ్న కావాలి. అమెరికా జె-1 పద్ధతిలో అయితే కార్యక్రమాన్ని నడిపే సంస్థవారు ఆ కుటుంబం ఇంటికి వెళ్లి ముఖాముఖి మాట్లాడాలి, ఆ ఇంట్లోని పెద్దలందరి నేర చరిత్రనూ తనిఖీ చేయాలి, పిల్లవాడు వెళ్లాక కూడా ఆ సంస్థ స్థానిక ప్రతినిధి ప్రతి నెలా అతనితో మాట్లాడాలి. బ్రిటన్‌లో 16 ఏళ్లలోపు పిల్లలు దగ్గరి బంధువులు కానివారి ఇంట్లో 28 రోజులు, అంతకు మించి ఉండబోతే స్థానిక కౌన్సిల్‌కు ముందే తెలియజేయాలని చట్టం చెబుతోంది. ఆస్ట్రేలియాలో 18 ఏళ్లలోపు విద్యార్థి వసతి బాధ్యతను విద్యాసంస్థ తీసుకున్నప్పుడు, దాని అనుమతి లేకుండా ఇల్లు మారితే వీసాకే ఇబ్బంది వస్తుంది. అందువల్ల అక్కడ ఏదైనా సమస్య వస్తే, బంధువుల ఇంటికి వెళ్లిపొమ్మని ఫోనులో చెప్పకుండా, ముందు ఆ విద్యాసంస్థతోనే మాట్లాడండి. అబ్బాయి బయలుదేరే ముందే ఆ స్థానిక ప్రతినిధి లేదా విద్యాసంస్థ ఫోను నంబరు మీ దగ్గరా అతని దగ్గరా ఉండేలా చూసుకోండి.