ఇద్దరూ ఉద్యోగస్తులం, అద్దె ఇల్లు. పిల్లిని తెచ్చుకోవచ్చా?

బెంగళూరులో సింగిల్ బెడ్‌రూమ్ అద్దె ఫ్లాటు, పొద్దున పోతే ఇద్దరూ రాత్రికే ఇల్లు చేరతారు, పర్షియన్ పిల్లిని కొనాలా వీధి పిల్లిని తెచ్చుకోవాలా అని ఒక జంట అడిగారు. బానసవాడి వైపు అచ్చం అలాంటి ఇళ్ళల్లోనే నాలుగేళ్ళుగా రెండు పిల్లుల్ని సాకుతున్నాను కాబట్టి చెప్తున్నా. తెచ్చుకోండి, కానీ పర్షియన్ వద్దు. ఆ చప్పిడి ముక్కుతో ఊపిరికి ఇబ్బంది, ఎప్పుడూ కళ్ళ నీళ్ళు, ఆ బొచ్చుకి రోజూ దువ్వెన. పొద్దున క్యాబ్ కోసం పరిగెత్తే మనలాంటి వాళ్ళకు కుదిరే పని కాదు.

మావి ఆఫీసు పార్కింగ్‌లో జనరేటర్ వెనక ఒకే ఈతలో పుట్టిన పిల్లలు. రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచి అప్పుడు తెచ్చుకున్నాం. తల్లికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి మళ్ళీ అక్కడే వదిలాం, సెక్యూరిటీ వాళ్ళే దానికి అన్నం పెడతారు. మీకు అలా దొరక్కపోతే 1991 నుంచి ఊళ్ళో పనిచేస్తున్న క్యూపా లాంటి జంతు సంరక్షణ సంస్థల్లో అడగండి. వీలైతే జంటగా తీసుకోండి. పగలంతా ఒంటరిగా ఉన్న పిల్ల రాత్రి మూడింటికి మీ కాలి బొటనవేళ్ళతో ఆడుకుంటుంది. మగదానికి బెల్లం అని, నల్లటి ఆడదానికి మిరియం అని పేర్లు పెట్టుకున్నాం. బెల్లం రంగు పిల్లుల్లో ఎక్కువ మగవే ఉంటాయట, మాకూ తర్వాతే తెలిసింది.

ఓనరుకు ముందే చెప్పండి, దాచొద్దు. మా ఓనరాంటీ "నాయి బేడ, బెక్కు ఆదరె పరవాగిల్ల" అంది, కుక్కయితే వద్దు గానీ పిల్లయితే సరేనని. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది గానీ, ఓనరు ఒప్పుకోకపోతే ఆ కాగితం పట్టుకుని ఎన్నాళ్ళని కొట్లాడతాం?

పిల్లి కంటే ముందు బాల్కనీకి వల రావాలి. పావురాలకు కట్టే వలే చాలు, మూలల్లో తల పట్టే సందు లేకుండా బిగించి కట్టించండి. ఎంత ఎత్తు నుంచి పడినా పిల్లికి ఏమీ కాదనే మాట నమ్మకండి. దవడ పగిలిన పిల్లిని డాక్టరు దగ్గర నా కళ్ళతో చూశాను.

తిండి దగ్గర మా అమ్మతో పెద్ద పంచాయితీ అయింది. హిందూపురం నుంచి వచ్చి "పాలు పొయ్యకుండా ఏం పిల్లిని సాకుతావే" అని నందిని పాలు గిన్నె నిండా పోసింది. సామెతలో పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది గానీ, ఎదిగిన పిల్లుల్లో చాలా వాటికి పాలు అరగవు. రెండు రోజులు ఇల్లంతా కడుక్కున్నాం. పెరుగన్నంతో కూడా పిల్లి బతకదు, దానికి కావలసిన టౌరిన్ అనే పోషకం మాంసంలోనే ఉంటుంది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ పెట్టొచ్చు, కానీ రోజువారీ తిండిగా పిల్లుల కోసం చేసిన ఫుడ్డే పెట్టండి.

అసలు చెప్పాలనుకున్నది లిట్టర్ ట్రే గురించి, అంటే పిల్లి ఒంటికీ రెంటికీ వెళ్ళే ఇసుక పళ్ళెం. చాలామంది అది కంపు కొట్టకుండా ఎలా అని అడుగుతారు. రోజుకు రెండుసార్లు తీస్తే కొట్టదు. కానీ తీసేటప్పుడు లెక్కపెట్టండి. మూత్రం పోస్తే ఆ ఇసుక ఉండ కడుతుంది, బెల్లంగాడు మామూలుగా రాత్రికి నిమ్మకాయంత ఉండలు రెండు పెడతాడు. ఒక ఆదివారం ఒక్కటీ లేదు. ట్రేలోకి వెళ్ళడం, తవ్వడం, కూర్చోవడం, బయటికి రావడం, అయిదు నిమిషాలకు మళ్ళీ వెళ్ళడం. మేం మలబద్ధకం అనుకుని ఉడికించిన గుమ్మడి ముద్ద పెట్టాం. ఒక క్లినిక్‌కు ఫోన్ చేస్తే "రేపు తీసుకురండి" అన్నారు. సాయంత్రానికి వాంతులు. బాత్రూంలో చల్లటి టైల్స్ మీద ముడుచుకుని పడుకున్నాడు. పొట్ట కింద చెయ్యి పెడితే లోపల బత్తాయంత గట్టిగా తగిలింది, వాడు అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

రాత్రి పదకొండింటికి ఆటోలో ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మూత్రం దారి మూసుకుపోయింది. మగపిల్లులకు ఆ దారి సన్నం, సన్నటి స్ఫటికాలు అడ్డుపడితే చాలు. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చని డాక్టరు చెప్పింది. గొట్టం వేసి మూడు రోజులు ఉంచుకున్నారు, పద్దెనిమిది వేలు అయింది. అప్పటినుంచి నీళ్ళ గిన్నెలు ఇంట్లో మూడు చోట్ల పెట్టాం, పొడి ఫుడ్డు తగ్గించి తడి ఫుడ్డు పెంచాం. మీ మగపిల్లి ట్రేలో ఊరికే కూర్చుని లేస్తుంటే రేపటిదాకా ఆగకండి, ఎవరు ఆగమన్నా సరే.

మిగతావి త్వరగా చెప్పేస్తా. టీకా ఎనిమిది వారాలకు మొదలు, మూడు నాలుగు వారాలకు మళ్ళీ, మూడు నెలలు నిండాక రేబిస్‌ది. అయిదో నెల దాటకముందే ఆపరేషన్ చేయించండి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు, ఆ తర్వాత రెండు నెలలకే ఈనేస్తుంది. ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసిటమాల్ మాత్రం వెయ్యకండి, ఒక్క మాత్ర చాలు చంపడానికి. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీ పూలు (దండల్లో కట్టేవి కాదు) ఇంట్లోకి రానివ్వకండి, పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి. కుక్కలకు వాడే పిడుదుల మందు కూడా వద్దు. మా రెండింటికీ తిండి, లిట్టర్ కలిపి నెలకు నాలుగు వేల దాకా అవుతుంది.

పండక్కి ఊరెళ్ళడం ఒక్కటే మీకు నిజంగా తలనొప్పి. పిల్లి పిల్లల్ని తిప్పినట్టు మేం రెండు ఇళ్ళు మారాం, మారిన ప్రతిసారీ మిరియం వారం రోజులు వాషింగ్ మెషిన్ వెనకే కాపురం పెట్టింది. అందుకని ఊరికి వాటిని తీసుకెళ్ళం. తాళం ఓనరాంటీకి ఇచ్చి, ట్రే ఫోటో తీసి పంపమంటాం. మొదట్లో నవ్వింది, ఇప్పుడు అడక్కుండానే పంపుతుంది. ఇక మా అమ్మ, ఆ పాలు పోసిన మనిషే, ఫోన్ ఎత్తగానే నేను తిన్నానా అని అడగడం మానేసింది. "బెల్లంగాడు ఒంటికి పోసినాడా?" అంటుంది.