తెలుగు వెబ్‌సైట్‌లో అక్షరాలు ఎంత సైజు ఉంటే కళ్లకు హాయి?

ప్రశ్న: నా వయసు 43. విజయవాడలో వెబ్‌సైట్లు తయారు చేసే చిన్న ఆఫీసులో పని చేస్తున్నాను. ఇప్పుడు ఒక తెలుగు వార్తల సైట్ చేస్తున్నాం. అక్షరాలు 14 పిక్సెళ్లు పెడితే తెర మీద ఎక్కువ వార్తలు పడతాయని మా వాళ్లు అంటున్నారు. నాకేమో సాయంత్రానికి కనుబొమల దగ్గర నొప్పి. ఫోన్ దూరంగా పట్టుకుంటేనే అక్షరాలు తేటగా కనిపిస్తున్నాయి. చిన్న అక్షరాలు చదివితే చూపు పాడవుతుందా? ఎంత సైజు పెట్టమంటారు? - ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ కళ్ల సంగతి చూద్దామమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది చత్వారంలా ఉంది. దగ్గరివి చూసేటప్పుడు కంట్లోని లెన్సు కాస్త ఉబ్బాలి. నలభై దాటాక అది గట్టిపడి సరిగా ఉబ్బదు. అందుకే చెయ్యి చాచి ఫోన్ చూస్తున్నారు. చిన్న అక్షరాల వల్ల చూపు పోదు, ఆ టెన్షన్ వద్దు. కానీ అలసట, తలనొప్పి మాత్రం వస్తాయి. కంటి పరీక్షకు వెళ్లేముందు మీ కంప్యూటర్ తెర కళ్లకు ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిచి డాక్టరుకు చెప్పండి. పుస్తకం దూరానికి రాసిన అద్దాలు తెర దూరానికి చాలాసార్లు సరిపోవు. షుగర్ ఉంటే రెటీనా పరీక్ష కూడా చేయించుకోండి.

ఇక సైజు. బ్రౌజర్లలో మామూలుగా వచ్చేది 16. ఇంగ్లిష్‌కు అది చాలు, తెలుగుకు చాలదని నా అభిప్రాయం. 'రాష్ట్రం' అన్న మాటను 14లో పెట్టి ఫోన్‌లో చూడండి. ట వత్తు, ర వత్తు కలిసి ముద్దగా కనిపిస్తాయి. 'బాధ'లో ధ కింద చిన్న గీత ఉంటుంది. అది కనిపించకపోతే మాటను ఊహించుకుని చదవాలి. అలా ప్రతి వరుసలోనూ కళ్లు చికిలించుకుని, మెడ ముందుకు చాచి, రెప్ప వేయకుండా చూస్తాం. కళ్లు ఎండిపోయి మండేది అందుకే.

కష్టపడి చదవగలిగిన సైజు వేరు, హాయిగా చదవగలిగే సైజు వేరు. రెండోది మొదటిదానికి దాదాపు రెట్టింపు ఉండాలి. నన్నడిగితే తెలుగు వార్తకు 18 పెట్టండి. ఒకే సైజులో ఒక ఫాంట్ నిండుగా, మరొకటి పీలగా కనిపిస్తుంది కాబట్టి ఫాంట్‌ను బట్టి 20 అయినా పరవాలేదు. పై వరుస వత్తులు కింది వరుస గుళ్ల మీద పడకుండా వరుసల ఎడం సైజుకు 1.6 రెట్లు ఉండాలి. లేత బూడిద రంగు అక్షరాలు అసలు వద్దు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. మీరు పెట్టిన సైజును బిగించేయకండి. ఆ మధ్య మా క్లినిక్‌కు ఒక పెద్దావిడ ఫోన్ మీద భూతద్దం పెట్టి చదువుతూ వచ్చారు. ఫోన్‌లో అక్షరాలన్నీ పెద్దవి చేసుకున్నారు, కానీ ఆ ఒక్క పేజీ మాత్రం రెండు వేళ్లతో లాగినా పెరగడం లేదు. నాకు చాలా బాధేసింది. అలా పెరగనివ్వని కోడ్ ఉంటే తీసేయించండి. సైజును పిక్సెళ్లలో కాకుండా రెమ్‌లలో, అంటే బ్రౌజర్ మూల సైజుకు ఎన్ని రెట్లో చెప్పే కొలతలో ఇస్తే, చదివేవారు బ్రౌజర్‌లో పెట్టుకున్న సైజును మీ సైట్ పాటిస్తుంది. అక్షరాలను 200 శాతానికి పెంచినా పేజీ చెడకూడదని డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండేందుకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణాలు కూడా చెబుతున్నాయి.

సైట్ సిద్ధమయ్యాక ఇంట్లో అరవై దాటినవారి చేతికి, వాళ్ల మామూలు అద్దాలతోనే, ఫోన్ ఇచ్చి ఒక వార్త పైకి చదవమనండి. అక్షరాల వైపు కాదు, వాళ్ల చేతి వైపు చూడండి. చెయ్యి దూరం జరుగుతుంటే సైజు ఇంకో రెండు పెంచండి.