మోర్గాన్ కథని ఆయన పుట్టుకతో మొదలుపెట్టకు

పైడిరాజూ,

విజయనగరం నుంచి నువ్వు పంపిన మొదటి చాప్టర్ చదివాను. అమెరికా సైనిక న్యాయ చట్టం రాసిన కమిటీకి చైర్మన్‌గా ఉన్న ఎడ్మండ్ మోర్గాన్ మీద తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు నచ్చింది. మన వైపు ఏ ఊరికెళ్లినా మిలట్రీవాళ్లు కనిపిస్తారు గానీ, కోర్ట్ మార్షల్, అంటే సైన్యం తన మనుషుల్ని తానే విచారించే కోర్టు, ఎలా నడుస్తుందంటే చెప్పేవాళ్లు తక్కువ. అయితే నువ్వు మాత్రం పుట్టుక, చదువు, హార్వర్డ్‌లో ప్రొఫెసర్ ఉద్యోగం అంటూ సన్మానపత్రం చదివినట్టు రాసుకుపోయావు. ఆ పేజీలు పక్కన పడెయ్.

1917లో అమెరికాలోని హ్యూస్టన్ దగ్గర ఎత్తుకో. అక్కడి పోలీసుల వేధింపులు భరించలేక నల్లజాతి సైనికులు తిరగబడ్డారు, ప్రాణాలు పోయాయి. అరవై మందికి పైగా సైనికుల్ని కలిపి ఒకే విచారణలో నిలబెట్టారు. వాళ్లందరి తరఫునా ఒకే ఒక్క ఆఫీసరు, ఆయనా లాయరు కాదు. డిసెంబర్ 11 తెల్లవారుజామున 13 మందిని ఉరి తీసేశారు. అప్పీలు సంగతి దేవుడెరుగు, వాషింగ్టన్‌లో ఆ ఫైలు ఎవరూ తిప్పి చూడకముందే పనైపోయింది! అక్కడ సైనిక న్యాయ విభాగం చూస్తున్న శామ్యూల్ ఆన్సెల్‌కి ఈ సంగతి తర్వాతే తెలిసింది.

అక్కణ్ణుంచి ఆన్సెల్‌కీ, ఆయన పైఅధికారి క్రౌడర్‌కీ గొడవ. కోర్టు వేసిన శిక్షని పైవాళ్లు తిరిగి చూసి మార్చగలగాలని ఆన్సెల్ పట్టు. నువ్వు క్రౌడర్‌ని విలన్‌ని చేసేలా ఉన్నావు, వద్దు. సైన్యంలో శిక్ష కమాండర్ చేతిలో లేకపోతే క్రమశిక్షణ నిలవదని ఆయన నిజంగా నమ్మాడు, ఆ వాదన చదివి పాఠకుడు ఒక్క నిమిషమైనా తడబడాలి. ఆన్సెల్ ఓడిపోయి 1919లో సైన్యం వదిలేశాడు. అదే విభాగంలో పనిచేసిన మోర్గాన్ ఆయన పక్షాన వ్యాసం రాశాడు. మళ్లీ 1948లో రక్షణ మంత్రి ఫారెస్టల్ కమిటీ వేసి మోర్గాన్‌నే చైర్మన్ చేసేదాకా ఆ వాదన మూలన పడి ఉంది. నీ పుస్తకమంతా ఈ ముప్పై ఏళ్లలోనే ఉందంటాను నేను. ఆ కమిటీ రాసిన చట్టం మీద 1950లో అధ్యక్షుడు ట్రూమన్ సంతకం, 1951 మే 31 నుంచి అమలు, పైన అప్పీలు వినడానికి ముగ్గురు సివిలియన్ జడ్జీలు... ఇవన్నీ రెండు పేరాల్లో తేల్చెయ్.

ఆయన రాజీపడ్డ చోటు మాత్రం దాచకు. కోర్టు వేసేదీ, అందులో కూర్చునేవాళ్లని ఎంచేదీ కమాండరే అన్నది మోర్గాన్ చట్టంలోనూ అలాగే ఉండిపోయింది. కొన్ని తీవ్రమైన నేరాల్లో కేసు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం కమాండర్ చేతుల్లోంచి జారింది 2023 డిసెంబర్లో, అంటే నిన్నగాక మొన్న.

ఇంకో పని ఉంది. మీ పేటలో రిటైరైన హవల్దార్ ఎవరైనా ఉంటే వెళ్లి కూర్చో. పేషీకి పిలిస్తే టోపీ, బెల్టు తీయించి సీఓ (కమాండింగ్ ఆఫీసర్) ముందుకి ఎలా నడిపించేవారో అడుగు. మన ఆర్మీ యాక్టూ 1950లోనే వచ్చింది. సమ్మరీ కోర్ట్ మార్షల్‌లో ఆ సీఓ ఒక్కడే కోర్టు, ముద్దాయి పక్కనుండే సాయం మనిషి చెవిలో సలహా చెప్పొచ్చు గానీ కోర్టుతో మాట్లాడకూడదు. అప్పీలుకి దారి లేకపోవడం బాలేదని 1982లో సుప్రీంకోర్టు అన్నా, 2007 చట్టంతో గానీ ఆ అప్పీళ్లు వినే సైనిక ట్రిబ్యునల్ రాలేదు, అది పని మొదలెట్టేసరికి 2009. ఇదంతా పుస్తకంలో కుక్కమని కాదు. ఆ పెద్దాయన మాటలు చెవిలో ఉంటే నీ వాక్యాల్లోంచి ఇంగ్లీషు వాసన పోతుంది, నీకు అదొక్కటే పెద్ద జబ్బు.

హ్యూస్టన్ చాప్టర్ ముందు రాసి పంపు. దసరాకి శ్రీకాకుళం వస్తే క్రౌడర్ వాదన నేను వినిపిస్తాను, నువ్వు ఆన్సెల్‌వి, చూద్దాం ఎవరు నెగ్గుతారో.